వేదిక మీద ఉన్నవారికే జర్కిన్లు

మే నెల. రెంటచింతల. మిట్టమధ్యాహ్నం.

ఊరి బయట ఖాళీ స్థలంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద మెడ దాకా జిప్పు లాగిన దళసరి జర్కిన్. నెత్తిన మంకీ క్యాప్. చేతులకు గ్లౌజులు. కాళ్ళకు మంచులో నడిచే బూట్లు. అతని పేరు ఇమ్మానుయేలు, ఉద్యోగం అటెండరు. అతనికి ఎదురుగా, టెంటు నీడలో కూర్చుని మజ్జిగ తాగుతున్నది రాష్ట్ర వన్యప్రాణి పరిశోధన మండలి వారి వస్త్ర పరీక్షా సంఘం.

"ఎలా ఉందయ్యా?" అని అడిగాడు సంఘం కార్యదర్శి శేషావతారం.

"వెచ్చగా ఉందండి," అని ఇమ్మానుయేలు నిలువునా కూలిపోయాడు.

సంఘం గ్లాసులు పక్కన పెట్టి నివేదిక రాసుకుంది. "సదరు వస్త్రము మితిమీరిన వేడిని పుట్టించుచున్నది. సిబ్బంది ఆరోగ్యమునకు హానికరము. కొనుగోలుకు తిరస్కరించడమైనది." సంతకాలు అయ్యాక ఇమ్మానుయేలు మీద నీళ్ళు చల్లారు.

జర్కిన్ కావలసింది రెంటచింతలలో కాదు, హిమాలయాల్లో. అయితే నిబంధన స్పష్టంగా ఉంది. రాష్ట్రం డబ్బుతో కొనే ఏ వస్త్రాన్నయినా రాష్ట్రం సరిహద్దుల లోపలే పరీక్షించాలి. కఠిన వాతావరణంలో పరీక్షించాలి. రాష్ట్రంలో కఠిన వాతావరణం అంటే ఇదే. శేషావతారం లంచం ముట్టుకోడు, నిబంధన వదలడు. ఆ రెండో గుణం వల్ల మొదటి గుణాన్ని అతనిలో ఎవరూ గమనించలేదు.

తెలుగువాళ్ళకు మంచుకొండల్లో ఏం పని అని అడగవచ్చు. ఆ సంవత్సరమే ఢిల్లీలో "రాష్ట్రానికొక జంతువు" అనే పథకం పెట్టారు. ఒక్కో రాష్ట్రం ఒక్కో జంతువును దత్తత తీసుకుని కాపాడాలి. ఏ రాష్ట్రానికి ఏ జంతువు అన్న విషయంలో పక్షపాతం ఉండకూడదని చీటీలు తీశారు. మనకు మంచు చిరుత వచ్చింది. మంచుకొండల రాష్ట్రానికి సముద్రపు తాబేలు వచ్చింది. వాళ్ళు ఇప్పటికీ మన తీరంలో ఉన్ని టోపీలు పెట్టుకుని గుడ్లు వెతుకుతున్నారు. ఎలా ఉన్నారని అడిగితే అంతా బాగుందంటారు. వాళ్ళకూ ఒక చైర్మన్ ఉన్నాడు.

మన చైర్మన్ భుజంగరావు గారు. ఆయన ఇంట్లో కంటే వేదికల మీద ఎక్కువ కాలం గడిపిన మనిషి. ఏ సభకు వెళ్ళినా ముఖ్య అతిథే. బంధువుల పెళ్ళికి వెళ్ళినా మైకు ఎక్కడుందో చూసుకుని కూర్చునేవారు.

ఆయన గదిలో, ఆయన ఎదురుగా, డాక్టర్ సత్యవాణి నిలబడింది. నరసాపురం పిల్ల. జంతుశాస్త్రంలో పరిశోధన చేసి మండలిలో చేరింది. మండలి మొత్తంలో చిరుత జాడ చూసి గుర్తుపట్టగలిగింది ఆమె ఒక్కతే, అందుకని ఆమెకు కుర్చీ వేయడం ఎవరికీ తట్టలేదు.

"సార్, ఆ లోయ మీదుగా రోప్‌వే వేస్తామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. చిరుత పిల్లల్ని పెడుతున్న చోటని ఈ చలికాలంలోపు ఫొటో చూపిస్తే అనుమతి ఆపుతామన్నారు. చూపించలేకపోతే చిరుత ఉండే గట్టునే పేల్చి స్తంభాలు పాతుతారు. ఆ గట్టు ఎక్కాలంటే మాకు జర్కిన్లు కావాలి, బూట్లు కావాలి."

"అవి ప్రమాదకరమని సంఘం తేల్చిందిగా."

"రెంటచింతలలో సార్. అక్కడ నీళ్ళ సీసా గడ్డ కడుతుంది. కెమెరా బ్యాటరీ చచ్చిపోతుంది. మనుషుల గురించి మీరు అడగలేదు కాబట్టి చెప్పడం లేదు."

భుజంగరావు గారు నవ్వారు. "అమ్మాయ్, మేమూ ఊటీ వెళ్ళొచ్చాం. చలంటే ఏమిటో మాకు తెలియంది కాదు. మెడకో మఫ్లరు చుట్టుకుంటే అదే పోయింది." ఫ్యాను వేగం పెంచమని సైగ చేశారు. "అయినా నువ్వంటున్నావు కాబట్టి ప్రజా మద్దతు కూడగడదాం. ప్రభుత్వం చేయలేని పని ప్రజలు చేస్తారు. ఆ ప్రజల్ని మనం అభినందిస్తాం."

మర్నాడు పేపర్లలో విజ్ఞప్తి పడింది. మంచుకొండల్లో వణకబోతున్న మన బిడ్డలకు వెచ్చదనం అందించండి అని.

ప్రజలు ఉప్పొంగిపోయారు. తమకు తెలిసిన పద్ధతిలో ఉప్పొంగారు. తెలుగువాడు మనిషిని మెచ్చుకుంటే శాలువా కప్పుతాడు. జాలిపడినా శాలువానే కప్పుతాడు. ఎదుటివాడు గెలిచినా, రిటైరైనా, జైలు నుంచి తిరిగొచ్చినా అదే శాలువా.

ముందు ఉదయపు నడక సంఘం వారు కప్పారు. తర్వాత వంటగ్యాసు డీలర్లు కప్పారు. అపార్టుమెంటు సంఘాలు, సంగీత సభలు, పాత బ్యాచ్ పదో తరగతి విద్యార్థులు. సత్యవాణితో పాటు కొండకు వెళ్ళవలసిన కెమెరామన్ కోదండం తెనాలివాడు. ఏ వేదిక మీదా నోరు ఊరుకోదు.

"మేడం," అన్నాడు అతను గ్యాసు డీలర్ల సభలో, మెడలో దండ సర్దుకుంటూ. "పోయొచ్చాక చేసే సన్మానం పోకముందే చేస్తున్నారంటే, నాకేదో అనుమానంగా ఉందండి."

"నవ్వు కోదండం. ఫొటో తీస్తున్నారు."

"నవ్వుతున్నానండి. ఇదే గోడకి తగిలిస్తారేమో, బాగా రావాలి కదండీ."

శాలువాలన్నీ ఒకే జాతివి. మెరుస్తాయి. కప్పుకుంటే జారతాయి, పట్టుకుంటే గుచ్చుకుంటాయి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే అవతల కూర్చున్న వక్త స్పష్టంగా కనిపిస్తాడు. ప్రయాణం దగ్గరపడేసరికి అవి రెండు ట్రంకు పెట్టెల నిండా చేరాయి. జర్కిన్ ఒక్కటి కూడా రాలేదు.

సత్యవాణి ఆ పెట్టెలను ఈడ్చుకొచ్చి చైర్మన్ గదిలో పెట్టించింది. భుజంగరావు గారి కళ్ళు చెమర్చాయి. "ప్రజల వెచ్చదనం!" అన్నారు. "ఏమయ్యా శేషావతారం, వీటికి పరీక్ష అయిందా?"

"అయింది సార్. రెంటచింతలలోనే. ఇమ్మానుయేలుకి కప్పి సాయంత్రం దాకా నిలబెట్టాం. పడిపోలేదు. శాలువా సురక్షితమైన చలి నివారణ వస్త్రమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది."

"ఎన్ని కప్పుకుంటే ఒక జర్కిన్ అవుతుందండీ?" అని అడిగింది సత్యవాణి.

"అది సిబ్బంది విచక్షణకు వదిలేశాం."

"మరి బూట్లో?"

"మెమెంటోలు వచ్చాయి కదా," అన్నాడు శేషావతారం, ఒక నిమిషం ఆలోచించి.

*

లోయ చివరి ఊరు దాటి, రోడ్డు ఆగిపోయిన చోట వాళ్ళ గుడారం. పైన గట్టు. గట్టు అవతల చిరుత. దారి చూపడానికి ఆ ఊరివాడు ఫుంచోక్ ఒప్పుకున్నాడు. అతను ట్రంకు పెట్టెలు తెరిచి చూసి, సత్యవాణిని హిందీలో అడిగాడు.

"పెళ్ళెవరిది?"

తెల్లవారాక బయలుదేరారు. సత్యవాణి మామూలు స్వెట్టరు మీద శాలువాలు చుట్టుకుని తాడుతో కట్టుకుంది. కోదండం ఒకదాని మీద ఒకటి కప్పుకుంటూ పోయాడు. చివరికి చేతులు కిందికి దిగలేదు. మంచు మీద నడుస్తుంటే ఊరేగింపు మధ్యలో తప్పిపోయిన ఉత్సవ విగ్రహంలా ఉన్నాడు. గాలి ఒక్కసారి వీచింది. శాలువాలన్నీ విడిపోయి జెండాల్లా ఎగిరాయి. "వంటగ్యాసు డీలర్ల సంఘం" అని అచ్చు వేసినది గట్టు దాటి వెళ్ళిపోయింది.

"మనకంటే ముందు వాళ్ళు చేరేలా ఉన్నారండి," అన్నాడు కోదండం. పళ్ళు టకటకమంటున్నాయి.

సగం ఎత్తుకు వచ్చాక ఫుంచోక్ ఆగి నేల చూపించాడు. మంచు మీద పెద్ద పంజా గుర్తులు. వాటి పక్కన చిన్నవి, రెండు జతలు. తల్లి వెంట పిల్లలు నడిచాయి. గుర్తుల అంచులు ఇంకా మెత్తబడలేదు.

సత్యవాణి మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "గట్టు అవతలకే వెళ్ళాయి. పద కోదండం."

కోదండం కదల్లేదు. జోకు కూడా వేయలేదు. ఆమె తల ఎత్తి చూసింది.

"మేడం, నా కుడికాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదండి."

కాన్వాసు బూటు విప్పి చూశారు. బొటనవేలు నీలంగా ఉంది. ఫుంచోక్ ఇంకేమీ అడగకుండా అతని పాదాన్ని తన కోటు లోపల, కడుపుకు ఆనించి పెట్టుకున్నాడు. ముగ్గురూ అలాగే వెనక్కి దిగారు.

"పెద్ద మంచు వస్తోంది," అన్నాడు ఫుంచోక్ గుడారంలో. "వారం కూడా పట్టదు. పడిందంటే గట్టు దారి మళ్ళీ ఎండాకాలానికే. ఈ బట్టలతో మిమ్మల్ని నేను పైకి తీసుకెళ్ళను మేడం. శవాలు మోయడం నా వల్ల కాదు."

సత్యవాణి ఊళ్ళోకి దిగి, సిగ్నల్ దొరికే మిట్ట ఎక్కి చైర్మన్‌కు ఫోను చేసింది. కాలి వేలు, పంజా గుర్తులు, ముంచుకొస్తున్న మంచు, అన్నీ చెప్పింది. భుజంగరావు గారు శ్రద్ధగా విన్నారు.

"అర్థమైందమ్మా," అన్నారు గంభీరంగా. "మీకు ప్రోత్సాహం తగ్గింది. మేమే వస్తున్నాం. మీ గుడారం దగ్గరే సభ. అక్కడే సన్మానం."

*

మూడో రోజుకల్లా వచ్చేశారు. వరసగా జీపులు. జీపుల్లోంచి భుజంగరావు గారు, మండలి సభ్యులు, వక్తలు, ఒక ప్రార్థనా గీతం గాయని, మైకు సెట్టు, కుర్చీలు, అరటిపిలకలు, ఇత్తడి దీపపు సెమ్మె దిగాయి. దిగిన పెద్దలందరి ఒంటి మీదా కొత్త జర్కిన్లు. ఈకలు కూరినవి. కాళ్ళకు పిక్కల దాకా బూట్లు. భుజంగరావు గారు నడుస్తుంటే పరుపు నడిచినట్టుంది.

సత్యవాణి ఆ జర్కిన్ల వైపే చూస్తూ నిలబడిపోయింది.

సభ మొదలైంది. దీపం వెలగలేదు. అగ్గిపెట్టెలు అయిపోయాక, వెలిగినట్టుగా భావించాలని వ్యాఖ్యాత కోరారు. గాయని మొదటి చరణం దగ్గర దగ్గు అందుకున్నారు. విజయవాడ నుంచి తెచ్చిన బంతిపూల దండలు దారిలోనే గడ్డకట్టాయి. ఒకటి తగిలి కోదండానికి ముక్కు వాచింది. ఆ తర్వాత ముగ్గురికీ శాలువాలు కప్పారు. ఫుంచోక్ తన శాలువాను కాసేపు చూసుకుని, సామాను మోసే తన గాడిదకు కప్పాడు. గాడిద దులుపుకుంది.

భుజంగరావు గారు మైకు అందుకున్నారు. "ఈ చలిని లెక్కచేయని మన వీరులను చూస్తుంటే నాకు ఏమాత్రం చలి వేయడం లేదు!" అన్నారు. ఆ మాట నిజమే.

ప్రసంగం అవగానే పెద్దలందరూ జీపులెక్కి కింద ఊళ్ళో గెస్టుహౌసు హీటర్ల దగ్గరికి వెళ్ళిపోయారు. సామాను సర్దించడానికి శేషావతారం ఒక్కడే ఉండిపోయాడు. అతని ఒంటి మీద మాత్రం సఫారీ సూటు, దాని మీద శాలువా. వణుకుతూనే కుర్చీలు లెక్కపెడుతున్నాడు.

సత్యవాణి అతని దగ్గరికి వెళ్ళింది.

"శేషావతారం గారూ, వాళ్ళ జర్కిన్లకు పరీక్ష ఎప్పుడైంది?"

"అవ్వలేదమ్మా. పరీక్ష సిబ్బంది దుస్తులకే. ఇవి దుస్తులు కావు, అతిథి మర్యాద. అతిథులు పరీక్షించదగినవారు కారు."

"ఎన్నాళ్ళలో కొన్నారు వీటిని?"

"ఒక్క పూటలో. మర్యాదకు ఆలస్యం ఉండకూడదని నిబంధన."

"అతిథి అంటే ఎవరండీ?"

"ఆహ్వాన పత్రికలో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని పేరు పడ్డవారు. నువ్వు సన్మాన గ్రహీతవమ్మా. గ్రహీతకు శాలువా వర్తిస్తుంది."

"గ్రహీత ఎవరైనా కావచ్చా? మనిషే కావాలా?"

శేషావతారం ఆలోచించాడు. ఆలోచించేటప్పుడు కూడా నిజాయితీగానే ఆలోచిస్తాడు. "విగ్రహాలకు చేశాం. పోయినవారికి చేశాం. ఒకసారి ఏనుగుకు చేశాం, శాలువా తినేసింది. మనిషే అయి తీరాలని ఎక్కడా లేదు. ఎందుకూ?"

"ఇంకో సభ పెడుతున్నాం. రేపు పొద్దున్నే."

కోదండం గృహప్రవేశం కార్డొకటి ఫోనులో తీసి, దేవుడి బొమ్మ అలాగే ఉంచి, అక్షరాలు మార్చాడు. సభాధ్యక్షులు, శ్రీ భుజంగరావు గారు, గెస్టుహౌసు నుంచి ఆశీస్సులతో. సన్మాన గ్రహీత, శ్రీమతి మంచు చిరుత గారు, పిల్లలతో సహా. ముఖ్య అతిథి డాక్టర్ సత్యవాణి. విశిష్ట అతిథి కోదండం. ఆత్మీయ అతిథి ఫుంచోక్. వేదిక, గ్రహీత స్వగృహం, గట్టు అవతల. విందు గ్రహీత ఇష్టప్రకారం.

శేషావతారం గెస్టుహౌసుకు వెళ్ళి, కార్డు చూపించి అధ్యక్షుల అనుమతి అడిగాడు. భుజంగరావు గారు హీటరు ముందు కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఒకటే అడిగారు.

"నా పేరు పైన ఉందా?"

"ఉంది సార్. బంగారు రంగులో."

"కానివ్వండి."

మర్నాడు పొద్దున శేషావతారం గుడారం ముందు ప్రత్యక్షమయ్యాడు. చేతుల్లో మూడు పెద్ద సంచులు. అవి అనుకోని అతిథుల కోసం జీపులో అదనంగా తెచ్చినవి. నిన్నటిదాకా సత్యవాణిని ఏమ్మా అని పిలిచినవాడు, తలుపు గుడ్డ పక్కన వంగి నిలబడి, "దయచేయండి మేడం గారూ, వాహనం లేదు, క్షమించాలి," అన్నాడు.

జర్కిన్లు వచ్చాయి. లోపలి బూట్లు, బయటి బూట్లు, గ్లౌజులు వచ్చాయి. ఫుంచోక్ తన కోటు తనకు చాలన్నాడు, మిగిలిన జర్కిన్ సత్యవాణి సంచిలోకి వెళ్ళింది. కోదండం వాచిన కాలును ఉన్ని మేజోడులోకి దూర్చి కళ్ళు మూసుకున్నాడు.

"మేడం, ముఖ్య అతిథులంతా అంతసేపు ఎలా మాట్లాడతారా అనుకునేవాణ్ణండి. ఇంత వెచ్చగా ఉంటే నేనూ మాట్లాడతాను."

ఫుంచోక్ ఇద్దరినీ పైనుంచి కిందికి చూశాడు. తాడు భుజాన వేసుకున్నాడు. "ఇప్పుడు పదండి."

బయలుదేరాక చూస్తే వెనకాల శేషావతారం కూడా నడుస్తున్నాడు. ఒక చేతిలో సత్యవాణి సంచి. రెండో చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మడత పెట్టిన శాలువా.

"మీరెక్కడికండీ?"

"ముఖ్య అతిథిని వేదిక దాకా తోడ్కొని వెళ్ళి, క్షేమంగా దిగబెట్టే బాధ్యత కార్యదర్శిది మేడం గారూ."

"ఆ సఫారీ సూటుతోనా?"

"ట్రంకులో మిగిలినవన్నీ కప్పుకున్నాను. అవి సురక్షితమని ధ్రువపరిచింది నేనే."

*

పంజా గుర్తులున్న చోటు దాటారు. ఎక్కుడు నిటారుగా మారింది. గట్టు అంచుకు చేరేసరికి గాలి ఈడ్చి కొడుతోంది. పడమర కొండల వెనక ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. ఫుంచోక్ దాన్ని చూసి నడక పెంచాడు.

అప్పుడు పళ్ళెం కింద పడిన చప్పుడైంది.

శేషావతారం మంచులో కూర్చుని ఉన్నాడు. శాలువాలన్నీ తడిసి అతని చుట్టూ అట్టల్లా బిగుసుకున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. వణుకు ఆగిపోయింది. వణుకు ఆగిపోవడం మంచిది కాదని సత్యవాణికి తెలుసు. ఆమె పరుగెత్తింది.

"మీరు మోస్తున్న నా సంచిలో ఇంకో జర్కిన్ ఉంది. వేసుకోండి."

"అది... అనుకోని అతిథిది మేడం గారూ."

"ఇక్కడ ఇంకెవరొస్తారండీ?"

"అందుకే కదా అనుకోని అన్నారు."

"చచ్చిపోతారు!"

"నేను వేదిక మీద లేను," అన్నాడు శేషావతారం. కళ్ళు మూతలు పడుతున్నాయి. "లేనివారికి వర్తించదు."

ఏమంటున్నాడని ఫుంచోక్ అడిగాడు. కోదండం హిందీలో చెప్పాడు. ఫుంచోక్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చలి తలకెక్కిందా అని అడిగాడు. "కాదు. కింద ఉన్నప్పుడూ ఇంతే," అన్నాడు కోదండం.

బలవంతంగా తొడగబోతే శేషావతారం చేతులు కట్టుకుని బిగుసుకున్నాడు. మండలిలో ముప్పై ఏళ్ళు ఎవరికీ లొంగని చేతులవి. ఇలా లాభం లేదని సత్యవాణికి అర్థమైంది. ఆమె లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. అరచేతిని మైకులా నోటి దగ్గర పెట్టుకుంది.

"ఈనాటి సభకు ముఖ్య అతిథిగా విచ్చేసిన నేను, మన మధ్యలోనే ఉన్న మండలి కార్యదర్శి శ్రీ శేషావతారం గారిని వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాను!"

శేషావతారం కళ్ళు తెరిచాడు. "వేదిక... ఏది?"

కోదండం పక్కనున్న బండ మీద మంచు గబగబా తుడిచాడు. "ఇదేనండీ. రండి, రండి."

ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని బండ మీద కూర్చోబెట్టారు. శేషావతారం ఇంకా దేనికోసమో ఎదురు చూస్తున్నాడు. కోదండానికి వెలిగింది. "చప్పట్లు! ఫుంచోక్ భాయ్, తాళీ, తాళీ!" గ్లౌజుల చేతులతో ముగ్గురూ కొట్టారు. దుప్పట్లు దులిపినట్టు మెత్తటి చప్పుడు. శేషావతారం నమస్కారం పెట్టి, అప్పుడు చేతులు చాపాడు.

జర్కిన్ తొడిగి, టోపీ పెట్టి, ఫ్లాస్కులో వేడి టీ పట్టించారు. ఫుంచోక్ అతని అరచేతులు రుద్దాడు. కాసేపటికి వణుకు మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత తగ్గింది. శేషావతారం జిప్పును మెడ దాకా లాక్కున్నాడు.

"మేడం గారూ."

"చెప్పండి."

"జర్కిన్ ఇంత హాయిగా ఉంటుందని ఇమ్మానుయేలు మాకు చెప్పనేలేదు."

గట్టు అవతల కిందికి దిగే రాళ్ళ మధ్య ఫుంచోక్ చేయి ఎత్తాడు. అందరూ పడుకున్నారు. ఎదుటి వాలు మీద ఒక బండ కదిలింది. అది బండ కాదు. బూడిద రంగు ఒంటి మీద నల్లటి పువ్వులు, ఒంటితో సమానమైన తోక. చిరుత ఒళ్ళు విరుచుకుని ఆవలించింది. దాని వెనక నుంచి ఒక పిల్ల దూకి తోకను కరిచింది. రెండోది దూకబోయి జారి తల్లి ముఖం మీద పడింది. తల్లి దాన్ని నోట పట్టుకుని పక్కన పెట్టి, మళ్ళీ పడుకుంది.

కోదండం వేళ్ళు గ్లౌజులో వెచ్చగా, నిలకడగా ఉన్నాయి. కెమెరా ఆగకుండా పనిచేసింది.

"ఒక్కటే ఇబ్బంది," అని గుసగుసలాడాడు శేషావతారం. "సన్మానం జరిగినట్టు శాలువా కప్పిన ఫొటో కావాలి." పళ్ళెంలోని శాలువా అతని చేతిలో ఉంది.

"వెళ్ళి కప్పండి," అన్నాడు కోదండం. "నేను తీస్తాను. మొదటిదీ చివరిదీ కూడా నేనే తీస్తాను."

చిరుత తల తిప్పి వాళ్ళున్న వైపు చూసింది. శేషావతారం కూడా దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత శాలువాను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గ్రహీత సున్నితంగా తిరస్కరించారు," అన్నాడు. "అలా రాసుకుంటాను."

వాళ్ళు గుడారం చేరాక పెద్ద మంచు మొదలైంది.

*

ఫొటోలు పనిచేశాయి. రోప్‌వే అనుమతి ఆగింది. అయితే ఒక్క ఏడాదికే ఆగింది. వచ్చే చలికాలం కూడా అవే పిల్లలు అక్కడే ఉన్నాయని చూపించాలి. చూపించలేకపోతే డైనమైట్ మళ్ళీ బయటికి వస్తుంది.

ప్రభుత్వం మురిసిపోయింది. ఇంత తక్కువ కాలంలో ఇంత ఫలితం ఎలా వచ్చిందని విచారించింది. మునుపు సిబ్బంది వెళ్ళినప్పుడు రాని ఫొటోలు ముఖ్య అతిథులు వెళ్ళేసరికి వచ్చాయని తేలింది. వెంటనే ఉత్తర్వు వెలువడింది. "ఇకపై మంచు చిరుత క్షేత్ర పరిశీలన యావత్తూ ముఖ్య అతిథుల చేతనే జరిపించవలెను. సదరు అతిథులు కాలినడకన గ్రహీత స్వగృహమునకు చేరి, చలికాలమంతయు అచటనే వేంచేసి ఉండవలెను."

ఈ ఉత్తర్వును ప్రకటించడానికి మరుసటి చలికాలం ముందు విజయవాడలో పెద్ద హాల్లో సభ పెట్టారు. వేదిక మీద రెండు వరుసల కుర్చీలు. మధ్య కుర్చీలో భుజంగరావు గారు. ఆయనకు అటూ ఇటూ మండలి సభ్యులు, వక్తలు, గ్యాసు డీలర్ల అధ్యక్షుడు, నడక సంఘం గౌరవాధ్యక్షుడు. ఉత్తర్వు ఎవరూ చదవలేదు. చదివి వినిపిస్తారు కదా అని వచ్చారు. సత్యవాణి, కోదండం కింద మూడో వరుసలో కూర్చున్నారు.

శేషావతారం మైకు దగ్గరికి వచ్చాడు. ఉత్తర్వు చదివాడు. ఒక్క అక్షరం వదలలేదు. చదివాక కాగితం మడిచి, హాలు మొత్తానికి వినపడేలా ప్రకటించాడు.

"ఈ చలికాలం మంచు చిరుత సభకు ముఖ్య అతిథిగా, ఈనాటి మన ముఖ్య అతిథి శ్రీ భుజంగరావు గారి పేరును సగౌరవంగా ప్రతిపాదిస్తున్నాను. వేదిక మీద ఆసీనులైన పెద్దలందరూ విశిష్ట అతిథులు. ప్రయాణం వచ్చే సోమవారం."

హాల్లో చప్పట్లు మోగాయి. ప్రజలు మద్దతు ఇస్తున్నారు.

భుజంగరావు గారి చేయి అలవాటుగా నమస్కారానికి లేచి, మధ్యలో ఆగింది. ఆయన శేషావతారం వైపు వంగి, మైకుకు చేయి అడ్డం పెట్టారు.

"కాలినడకనంటావేమిటయ్యా?"

"ఉత్తర్వు అలాగే ఉంది సార్."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

"వేదిక మీద ఉన్నవారందరికీ వర్తిస్తుంది సార్. కింద ఉన్నవారికి వర్తించదు."

శేషావతారం మామూలుగానే చెప్పాడు. అతను ఎప్పుడూ మామూలుగానే చెబుతాడు. భుజంగరావు గారు ఆ మాటను నోట్లోనే ఒకసారి తిప్పుకున్నారు. తర్వాత మైకు మీద చేయి తీసి, "కొత్తవారికి అవకాశం ఇవ్వాలి!" అన్నారు. లేచారు. మెట్లు దిగారు. ఆయన జీవితంలో మొట్టమొదటిసారి ప్రేక్షకుల కుర్చీలో కూర్చున్నారు. ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక కాసేపు తడబడ్డారు.

ఆయన వెనక గ్యాసు డీలర్ల అధ్యక్షుడు దిగాడు. నడక సంఘం వారు పరుగున దిగారు. మండలి సభ్యులు వేదిక వెనక తలుపు వైపు వెళ్ళారు. వ్యాఖ్యాత మైకును స్టాండులో గుచ్చి మాయమయ్యాడు. రెండు వరుసల కుర్చీలూ ఖాళీ.

"మేడం," అన్నాడు కోదండం. "సీట్లున్నాయండీ."

వాళ్ళిద్దరూ మెట్లెక్కి మధ్య కుర్చీల్లో కూర్చున్నారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసల్లోని పెద్దలందరూ తమను ఎవరూ పిలవకుండా తలలు వంచుకుని ఉన్నారు.

శేషావతారం చొక్కా జేబులోంచి దర్జీ టేపు తీశాడు. సత్యవాణి వెనక్కి వచ్చి, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా జాగ్రత్తగా కొలిచాడు. శాలువాలు కప్పినన్నాళ్ళూ ఎవరూ అడగని మాట అడిగాడు.

"బూట్లు ఏ సైజు మేడం గారూ?"

"ఆరు," అంది సత్యవాణి. "మేజోళ్ళు దళసరివి. ఒకటి ఎక్కువే వేయండి."